ఇంటి పని, పొలము పని, సంతాన నిర్ణయము

(పంచాయతీ సభ్యుల అధ్యయన పాఠము)

కొన్నేండ్ల క్రిందట ఉద్యోగరీత్యా నేనొక మెట్ట గ్రామమునకు పోయితిని. పంచాయతీ కార్యాలయపు వసారాలో వార్డు సభ్యులు, ఊరి పెద్దలు, ఆరోగ్య కార్యకర్తలు, పొదుపు సంఘముల స్త్రీలు కూడియుండిరి. ఆనాటి విషయము కుటుంబ సంక్షేమము. పిల్లలు చాలుననుకొన్న దంపతులలో భర్త శస్త్రచికిత్స చేయించుకొనుట భార్య చేయించుకొనుటకన్న సులభమనియు, ప్రమాదము తక్కువనియు నేను చెప్పితిని. ఒక వార్డు సభ్యుడు లేచి, "అది నిజమే కావచ్చునండీ, కాని మగవాడు మంచమెక్కితే పొలం పని ఎవరు చూస్తారు?" అని అడిగెను. పలువురు తలలూపిరి. అంతట గోడ నానుకొని కూర్చున్న ఒక వృద్ధురాలు, "ఆడది మంచమెక్కితే పొలం పనీ, ఇంటి పనీ రెండూ ఎవరు చూస్తారు నాయనా?" అనెను. అందరును నవ్విరి. నవ్వు ఆగిన పిమ్మట ఎవ్వరును సమాధానము చెప్పలేదు. నా చేతనున్న కరపత్రములోను దానికి సమాధానము లేదు.

ఎందరు బిడ్డలను కనవలెను, ఎప్పుడు కనవలెను, ఎప్పుడు ఆపవలెను, ఆపుటకు ఎవరు ఆపరేషను బల్ల ఎక్కవలెను అను ప్రశ్నలకు భార్యాభర్తలు కూర్చుండి ఆలోచించి సమాధానము చెప్పుకొందురని మనము తలంతుము. పలు కుటుంబములలో వారు ఆలోచింపక ముందే సగము సమాధానము సిద్ధమై యుండును. ఆ యింట ఏ పని ఎవరిది అను ఏర్పాటులోనే అది దాగియుండును. అందుచేత జనాభా లెక్కలను పరిశీలింపబోవు పంచాయతీ సభ్యుడు మొదట పని లెక్కను పరిశీలింపవలెను.

పని లెక్క

ప్రజలు దినమున ఏ పనికి ఎంత కాలము వినియోగించుచున్నారో తెలిసికొనుటకు భారత ప్రభుత్వపు గణాంక శాఖవారు 2019లోను, మరల 2024లోను దేశమంతట సర్వే జరిపిరి. 2024 సర్వే ననుసరించి వంట, అంట్లు, బట్టలు, ఊడ్పు మొదలైన జీతములేని ఇంటి పనులు చేయు స్త్రీలు రోజునకు సగటున 289 నిముషములు, అనగా అయిదు గంటలకు కొంచెము తక్కువ, వానికి వెచ్చించుచున్నారు. అవే పనులు చేయు పురుషులు వెచ్చించునది 88 నిముషములు. ఇందొక విశేషమున్నది. ఈ 88 నిముషములు పురుషులందరి సగటు కాదు. ఇంటి పనిలో కొంచెమైనను చేయి పెట్టినవారి సగటు మాత్రమే. అట్టివారు పురుషులలో సుమారు నాల్గవ వంతు. మిగిలిన మూడు వంతులవారి లెక్క సున్న.

పిల్లలను, వృద్ధులను, రోగులను కనిపెట్టి యుండు పని వేరు. 2019 సర్వేలో ఆ పని చేయు స్త్రీలకు సగటున 134 నిముషములు, పురుషులకు 76 నిముషములు పట్టినట్లు తేలినది. పొయ్యి మీద కూర, చంకలో బిడ్డ, నోట మామగారికి సమాధానము ఏకకాలమున నడపు ఇల్లాలి శ్రమ ఇట్టి లెక్కలలో ఎంతవరకు దొరకునో నాకు సందేహమే.

పొలములో పనియు ఇట్లే విభజింపబడి యున్నది. దుక్కి, దమ్ము, నీరు పెట్టుట, ఎరువు చల్లుట, పురుగుమందు కొట్టుట సాధారణముగా పురుషుల పని. నాట్లు, కలుపు, పత్తి తీత, మిరప కోత స్త్రీల పని. మగవాని పని బరువైనది, ఆడుదాని పని తేలికైనది, అందుచేతనే కూలిలో భేదమని పెద్దలు చెప్పుట కలదు. నీటితో నిండిన పదునైదు లీటర్ల బిందె పదునైదు కిలోల పైచిలుకు తూగును. రోజునకు ఆరు బిందెలు మోసిన స్త్రీ తొంబది కిలోల బరువు మోసినది. ఆ బరువునకు కూలి లేదు గనుక అది తేలికైనది!

మరియొక మాట. నాగలి పోయి ట్రాక్టరు వచ్చినది. దుక్కిటెద్దులను మేపి, కడిగి, కట్టివేయు పని చాలవరకు పోయినది. వరికోత యంత్రము వచ్చి స్త్రీ పురుషు లిరువురి కోత కూలిని తగ్గించినది. మిరప కోత, పత్తి తీత మాత్రము మన పొలములలో నేటికిని చాలవరకు చేతివ్రేళ్ళ పనియే. పొలము పనిలో పురుషుని శ్రమ తగ్గినను, "మగవాడు మంచమెక్కితే" అను భయము మాత్రము నాగలి నాటిదే నిలిచియున్నది.

పెండ్లి నాటి లెక్క

పనికిని సంతానమునకును గల సంబంధము పెండ్లితోనే మొదలగును. 2019-21 సంవత్సరముల జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఇరువది మొదలు ఇరువదినాలుగేండ్ల వయసున్న స్త్రీలలో పదునెనిమిదేండ్లు నిండక మునుపే పెండ్లియైనవారు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 29 మంది, తెలంగాణలో నూటికి 23 మంది గలరు. చట్టము తెలియక ఇది జరుగుచున్నదనుకొనుట పొరపాటు. వయసు పెరిగినకొలది కట్నము పెరుగునను భయ మొకటి. తల్లిదండ్రు లిరువురును కూలికి పోయినచో ఎదిగిన పిల్లను ఇంట ఒంటరిగా ఎట్లుంచుటయను బెంగ మరియొకటి. అత్తవారింట పనికి చేతులు కావలెనను కోరిక వేరొకటి. మూడింటను పని ప్రసక్తి కలదు.

పని పద్ధతియే పెండ్లిని తొందరపెట్టు చోటొకటి మన పొరుగున మహారాష్ట్రమున నున్నది. బీడ్ జిల్లానుండి ఏటేట లక్షలాది కూలీలు చెరకు నరకుటకు పశ్చిమ మహారాష్ట్ర, కర్ణాటక ప్రాంతములకు వలసపోవుదురు. అక్కడ మేస్త్రీ ఒంటరి మనిషిని గాక భార్యాభర్తల జంటను ఒక కత్తిగా లెక్కించి, జంటకు కలిపి ముందుగా బయానా ఇచ్చును. జంట లేనివానికి పని దొరకుట కష్టము. కనుక కుమారునకు త్వరగా పెండ్లి చేసినచో మరియొక కత్తి ఏర్పడును. కుమార్తెకు పెండ్లి చేసినచో వలస వేళ ఆమెకు కాపలా గూర్చిన చింత తీరును. పెండ్లి ముహూర్తమును పురోహితుడు పెట్టుచున్నట్లు కనిపించినను, నిజమునకు చెరకు మేస్త్రీయే పెట్టుచున్నాడు. ఈ జంట కూలి పద్ధతి వలన కలిగిన మరియొక ఘోరమును ముందు చెప్పెదను.

రెండవ కాన్పు - ఆపరేషను

మన రెండు తెలుగు రాష్ట్రముల స్థితి దేశమంతటిలో విచిత్రమైనది. 1992-93లో జరిగిన మొదటి కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కొక్క స్త్రీకి సగటున 2.6 సంతానము. 2019-21 నాటికి అది ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. ఒక తరమువారి స్థానమును తరువాతి తరమువారు సరిగా నింపుటకు 2.1 కావలెనని జనాభా శాస్త్రజ్ఞుల లెక్క. స్త్రీల చదువు బాగుగా పెరిగి, పెండ్లి వయసు బాగుగా జరిగిన పిదప సంతానము తగ్గుట కేరళమున జరిగినది. మన వద్ద అట్లు కాదు. చిన్నతనమున పెండ్లి, వెంటవెంటనే ఇద్దరు బిడ్డలు, పాతికేండ్లు నిండక ముందే ఆపరేషను - ఇది మన గ్రామములలో పలువురు స్త్రీలు నడచిన దారి. పై సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లోని వివాహిత స్త్రీలలో నూటికి సుమారు 70 మంది ఆపరేషను చేయించుకొన్నవారే. భర్త ఆపరేషను చేయించుకొన్న కుటుంబములు నూటికి ఒకటియు లేవు.

రెండవ కాన్పుతోనే ఆపరేషను ఎందులకు? నేను పలు గ్రామములలో ఈ ప్రశ్న వేసితిని. స్త్రీలు చెప్పిన కారణము ఏ గ్రంథమునను నాకు కనిపింపలేదు గాని, విన్నప్పుడు ఎంతయు న్యాయముగా తోచినది. మన ఆచారమున మొదటి పురుడు పుట్టింటివారిది. రెండవదానికి కూడ తల్లికి ఓపిక యున్నచో ఆమెయే చేయును. బాలింత ఆ కొద్ది నెలలే నీళ్ళు మోయక, పొయ్యి దగ్గర కూర్చుండక, పొలము పోక విశ్రమించును. మూడవ పురుటికి పుట్టిల్లు పిలువదు. అత్తవారింట విశ్రాంతి లేదు. కావున రెండవ కాన్పుతోనే ఆపరేషను చేయించుకొన్నచో, పురుటి పథ్యములోనే ఆపరేషను విశ్రాంతియు కలిసి వచ్చును. విశ్రాంతి కొరకై వేరుగా మరల పది దినములు ఎవరిని అడుగవలెను? ఎవరు ఇత్తురు? ఇదియే ఆ తల్లుల లెక్క. వారిది అజ్ఞానము కాదు. తమకు దొరకిన విశ్రాంతిని పొదుపుగా వాడుకొనుట.

కాని దీనివలన నష్టములు లేకపోలేదు. మొదటి బిడ్డకు, రెండవ బిడ్డకు నడుమ ఎడము చాలదు. తల్లి రక్తహీనత తీరక మునుపే రెండవ గర్భము వచ్చును. పిమ్మట దురదృష్టవశమున బిడ్డ మరణించినచో, ఆపరేషనును త్రిప్పి సరిచేయుట కష్టము, ఖర్చు. ఫలించునను నమ్మకమును లేదు. ఎడము కొరకు కాపర్ టి కలదు. మూడు నెలల కొకమారు వేయు అంతర సూది, వారపు మాత్రయైన ఛాయ 2017 నుండి ప్రభుత్వ వైద్యశాలలకు వచ్చినవి. ఛాయ మాత్రలోని మందు మన దేశమున లక్నో నగరపు పరిశోధనాలయమునందు కనిపెట్టబడినదే. అయినను మన గ్రామములలో వీని వాడకము స్వల్పము. కలుపు కూలి మాని మూడు నెలల కొకమారు ఆరోగ్య కేంద్రమునకు పోయి వరుసలో నిలుచుట కన్న, ఒక్కమారు ఆపరేషను చేయించుకొని పనిలో పడుట మేలని స్త్రీ తలచుచున్నది. ఇక్కడను పనియే నిర్ణయించుచున్నది.

పురుషుల ఆపరేషను ఎట్లు వెనుకబడినది?

ఇది మొదటినుండియు ఇట్లు లేదని నేటి సభ్యులలో పలువురికి తెలియకపోవచ్చును. భారత ప్రభుత్వము 1952లో కుటుంబ నియంత్రణ కార్యక్రమము ప్రారంభించినది. 1960ల నాటి ఆపరేషనులలో అధికభాగము పురుషులవే. కేరళమున ఎర్నాకుళములో 1970, 71 సంవత్సరములలో జరిగిన శిబిరములకు పురుషులు వేలకు వేలుగా వచ్చిరి. తరువాత అత్యవసర పరిస్థితి కాలమున, 1976-77 సంవత్సరమున, దేశములో 82 లక్షలకు పైగా ఆపరేషనులు జరుగగా అందు సుమారు 62 లక్షలు పురుషులవి. లక్ష్యములు నిర్ణయించి, రేషను కార్డులకును ఉద్యోగులకును ముడిపెట్టి, పలుచోట్ల బలవంతముగా చేసిన పని యది. ప్రజలకు కలిగిన ఆగ్రహము 1977 ఎన్నికలలో వెల్లడియైనది. నా శాఖ వంటి ప్రచార శాఖలు ఆనాడు ఏమి వ్రాసినవో పాత సంచికలు తిరుగవేసినచో తెలియును, గర్వింపదగినది కాదు.

ఆ పిమ్మట ప్రభుత్వములు బలవంతమును వదలి సలహాకు మరలినవి. కాని కత్తి మాత్రము పురుషుని విడిచి స్త్రీవైపు తిరిగినది. పురుషుల భయమును గౌరవించితిమి. స్త్రీల భయమును ఎవరును అడుగలేదు. శిబిరములలో ఒక్క దినమున పదుల కొలది స్త్రీలకు ఆపరేషనులు జరుగుట వాడుకయైనది. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ ప్రాంతమున అట్టి శిబిరముల పిదప పదుమూడుగురు స్త్రీలు మరణించిరి. 2016లో సుప్రీంకోర్టు ఇట్టి శిబిరములను మూడేండ్లలో మాన్పవలెనని ఆదేశించినది.

పురుషుని ఆపరేషనును గురించి సత్యము తెలిసికొనుడు. కత్తి గాటు లేకుండ, చిన్న రంధ్రము ద్వారా, ఆ చోట మాత్రము మత్తు ఇచ్చి, ఇంచుమించు పావుగంటలో అది ముగియును. అదే దినము ఇంటికి పోవచ్చును. ఒకటి రెండు దినములు విశ్రాంతి, వారము దినములు బరువు లెత్తకుండుట చాలును. కండబలము తగ్గదు, దాంపత్యమునకు లోటు రాదు. స్త్రీకి చేయునది పొట్టలోపలి నాళములకు చేయు ఆపరేషను. ఒక్క జాగ్రత్త మాత్రము మరువరాదు. పురుషుని ఆపరేషను వెంటనే ఫలమియ్యదు. మూడు నెలల వరకు మరియొక పద్ధతి వాడి, పరీక్ష చేయించుకొనవలెను. ఈ మాట చెప్పకపోవుట వలన భార్య గర్భవతియై, ఏ పాపము నెరుగని ఆమెపై అపనింద పడిన సందర్భములు కలవు. ఆశా కార్యకర్తలు ఈ విషయమును భార్యాభర్త లిరువురికిని, అత్తగారికిని చెప్పుట అవసరము.

ఆనాటి సభలో ప్రశ్న అడిగిన వార్డు సభ్యుడు, నేను జీపు ఎక్కుచుండగా ప్రక్కకు వచ్చి, "ఎన్ని రోజులు పని మానాలండీ?" అని మెల్లగా అడిగెను. చెప్పితిని. వ్రేళ్ళ మీద లెక్కించుకొని, "అయితే వారంలో మోటారు దగ్గరికి పోవచ్చన్నమాట. మా ఇంట్లో నేనే చెప్పుకుంటాను, మీరు పైకి అనకండి" అనెను. ఆయన చేయించుకొనెనో లేదో నేను అడుగలేదు.

గర్భసంచి మాట

ముందు చెప్పెదనన్న ఘోరమిది. బీడ్ జిల్లా చెరకు కూలీలలో జంట ఒకనాడు పని మానినచో మేస్త్రీ జరిమానా విధించును. నెలసరి నొప్పితోనో, రక్తస్రావముతోనో స్త్రీ పని మానినను జరిమానాయే. తోటలో స్నానపుగది లేదు, మరుగుదొడ్డి లేదు. నొప్పి తీరక వైద్యుని వద్దకు పోయినచో, "పిల్లలున్నారు గదా, గర్భసంచి తీయించుకొనుడు" అని సలహా. అట్లు ముప్పదియేండ్ల ప్రాయమునకే గర్భసంచి పోగొట్టుకొన్నవారు పలువురు. 2019లో ఈ విషయము బయటపడగా మహారాష్ట్ర ప్రభుత్వము విచారణ జరిపించెను. విచారించిన 82 వేల పైచిలుకు స్త్రీలలో 13 వేల పైచిలుకు మందికి గర్భసంచి తీసివేయబడినట్లు తేలినది.

దీనిని చదివి మనము జాలిపడి ఊరకుండరాదు. 2019-21 సర్వేలో పదునైదు మొదలు నలుబదితొమ్మిదేండ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశమంతటి మీద నూటికి మూడింటికి కొంచెము పైన యుండగా, రెండు తెలుగు రాష్ట్రములలోను నూటికి ఎనిమిదిని మించినది. మన వద్ద చెరకు మేస్త్రీ లేకపోవచ్చును. తెల్లబట్ట, నడుమునొప్పి, అధిక రక్తస్రావము వంటి బాధలు మందుతో తగ్గింపదగినవైనను, మందు తినుటకు, మరల చూపించుకొనుటకు, విశ్రమించుటకు తీరిక ఏది? పిల్లలను కనుట ముగిసినది గనుక గర్భసంచి పనిలేనిదను అభిప్రాయ మొకటి. శరీరమును సహితము పనికి వచ్చునది, పనికి రానిది అని విభజించుట మన వారికి అలవడినది. చిన్న వయసున గర్భసంచితోపాటు అండాశయములు కూడ తీసినచో ఎముకలు బలహీనపడును, గుండెజబ్బు ప్రమాదము హెచ్చును. ఒక వైద్యుడు తీయవలెనన్నచో, ప్రభుత్వ ఆసుపత్రిలో మరియొక వైద్యుని అభిప్రాయము పొందుమని చెప్పుట పంచాయతీ సభ్యుని బాధ్యతలలో చేరదగినదే.

కొడుకు కొరకు

ఇరువురు ఆడపిల్లలు కలిగిన యింట ఆపరేషను మాట ఆగిపోవుట మీరెరిగినదే. ముసలితనమున చూచువాడు, పొలము చేయువాడు, తలకొరివి పెట్టువాడు కొడుకను నమ్మకము దీనికి మూలము. ఇందులో మొదటి రెండును పనికి సంబంధించినవే. కుమార్తె పెండ్లియైన పిదప అత్తవారి పనిమనిషి యగుననియు, పుట్టింటికి అక్కరకు రాదనియు భావము. ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుండి, దేశమంతటను 2005 నుండి, హిందూ ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కుమార్తెకును కుమారునితో సమానముగా హక్కు కలదు. ఆ హక్కు కాగితము దాటి పొలపు గట్టు వరకు వచ్చిన యింట కూతురును అక్కరకు వచ్చును.

ఇద్దరు పిల్లల నిబంధన

ఈ విషయము పంచాయతీ సభ్యులకు స్వానుభవము. 1994 పంచాయతీరాజ్ చట్టమున, ఇరువురికి మించి బిడ్డలున్నవారు పంచాయతీ పదవులకు అనర్హులని నిబంధన చేర్చబడెను. అప్పటికే బిడ్డలున్నవారికి మినహాయింపును, ఒక యేడు గడువును ఇచ్చిరి. ఇట్టి నిబంధన గల హర్యానా చట్టము చెల్లునని సుప్రీంకోర్టు 2003లో తీర్పు చెప్పెను. నాయకులు ఆదర్శము చూపినచో ప్రజలు అనుసరింతురని ఆశ. ఉద్దేశము చెడ్డది కాదు.

కాని ఆ భారము ఎవరిపై పడినది? మూడవ బిడ్డను కనవలెనని ఆజ్ఞాపించునది తరచుగా భర్త, అత్తగారు. పదవి పోవునది స్త్రీ సభ్యురాలిది. పదవి భర్తదైనచో మూడవ బిడ్డను బంధువులకు దత్తత ఇచ్చుట, పుట్టుకను దాచుట, భార్యను విడిచితినని కాగితము వ్రాయుట వంటి పనులు ఈ నిబంధన గల రాష్ట్రములలో జరిగినట్లు పరిశీలకులు వ్రాసిరి. తన శరీరముపై తనకే నిర్ణయము లేని స్త్రీకి అనర్హత శిక్ష విధించుట ఆమెను రెండుమార్లు శిక్షించుట. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆ నిబంధనను తొలగించు బిల్లును ఆమోదించినది.

తొలగించుటకు చెప్పిన కారణము స్త్రీల కష్టము కాదు. జననములు మితిమీరి తగ్గి, వృద్ధుల సంఖ్య పెరుగుచున్నదని. ఇప్పుడు పిల్లలను ఎక్కువగా కనుడని వేదికలపై వినవచ్చుచున్నది. నిన్న తక్కువ కనుడంటిమి, నేడు ఎక్కువ కనుడనుచున్నాము. రెండు ఉపన్యాసములలోను బిడ్డను ఎవరు ఎత్తుకొందురను ప్రశ్న లేదు. చంటిబిడ్డకు జ్వరము వచ్చిననాడు ఎవరి కూలి పోవును? ఈ ప్రశ్నకు సమాధానము మారనిదే ఏ పిలుపునకును స్త్రీలు లొంగరని పరదేశముల అనుభవము తెలుపుచున్నది. దక్షిణ కొరియాలో ప్రభుత్వము ఎంత ధనము వెచ్చించినను 2023లో ఒక్కొక్క స్త్రీకి సగటు సంతానము 0.72కు పడిపోయెను. అచ్చట స్త్రీలు పురుషులతో సమానముగా చదివిరి, ఉద్యోగములలో చేరిరి. ఇంటి పని, బిడ్డల పని మాత్రము వారిమీదనే మిగిలెను. స్వీడనులో 1974లోనే బిడ్డ కొరకు జీతముతో కూడిన సెలవును తల్లిదండ్రు లిరువురికి ఇచ్చిరి. తండ్రులు వాడుకొనకపోగా, 1995లో ఒక నెల వారి పేరనే కేటాయించి, వాడనిచో పోవునని చట్టము చేసిరి. అప్పుడు గాని తండ్రులు కదలలేదు.

పంచాయతీ పని

మన కూలి స్త్రీకి జీతపు సెలవు ఎక్కడిది? 2017లో ఇరువదియారు వారములకు పెంచిన ప్రసూతి సెలవు పదిమందికి తక్కువ కాని సంస్థలలో పనిచేయు వారికే. పొలము కూలికి కేంద్ర ప్రభుత్వపు మాతృ వందన యోజన క్రింద మొదటి కాన్పునకు 5,000 రూపాయలు, రెండవ బిడ్డ ఆడపిల్లయైనచో 6,000 రూపాయలు వచ్చును. అది రెండు మూడు వారముల కూలికి సరిపోవును. మీ ఊరిలో ఎందరు అర్హులు, ఎందరికి వచ్చినది అని పేరుపేరున చూచుట పంచాయతీకి సాధ్యమైన పని.

అంతకన్న ముఖ్యమైనది బిడ్డల సంరక్షణ. అంగన్‌వాడీ కేంద్రములు 1975 నుండి నడచుచున్నవి. కాని అవి దినమంతయు కనిపెట్టునది మూడేండ్లు నిండిన వారిని. మూడేండ్లలోపు పసివారికి అచ్చట దొరకునది ఇంటికి తీసికొనిపోవు పోషకాహారము. వారి తల్లులు బిడ్డను పొలము గట్టున చెట్టుకొమ్మకు కట్టిన ఉయ్యాలలో వేయుదురు, లేనిచో ఎనిమిదేండ్ల అక్కకు అప్పగించి ఆమె బడి మాన్పింతురు. 2005 నాటి ఉపాధి హామీ చట్టము, పని జరుగుచోట ఆరేండ్ల లోపు పిల్లలు అయిదుగురున్నచో ఒక స్త్రీని వారి కాపలాకు నియమించి కూలి ఇయ్యవలెనని చెప్పెను. నేను చూచిన పని స్థలములలో ఆ నిబంధన ఎక్కువగా కాగితముననే యుండెను. మస్టరులో ఆ పేరు వ్రాయించుటకు పట్టుబట్టిన సభ్యుడు కనిపించుట అరుదు. 2023లో కర్ణాటక ప్రభుత్వము గ్రామ పంచాయతీలలో 'కూసిన మనె', అనగా పసివారి ఇల్లు, అను పేర శిశు సంరక్షణ కేంద్రములు తెరచుటకు పూనుకొనెను. వేల పంచాయతీలను ఎన్నుకొనెను. ఊరి స్త్రీలనే శిక్షణ ఇచ్చి ఆయాలుగా పెట్టిరి. మన పంచాయతీ సభ్యులు సరిహద్దు దాటి ఒకటి రెండు కేంద్రములను చూచి వచ్చుట మేలు.

ఇట్టి ఇల్లు మీ ఊరిలో పెట్టుటకు తలపెట్టినచో వేళలను ముందు ఆలోచింపుడు. మిరప కూలీల ఆటో తెల్లవారుజామున కదలును. కేంద్రము తొమ్మిది గంటలకు గాని తెరవకున్నచో అది కూలి తల్లికి ఉపయోగపడదు. ఏ నెలలో ఎన్ని గంటలకు పనికి పోవుదురో కలుపు ముఠాల పెద్దలను అడిగి, నాట్లకు ఒక వేళ, కోతలకు ఒక వేళ వ్రాసికొనుడు.

గ్రామసభ వేళయు అంతే. వంట వేళ సభ పెట్టి, స్త్రీలు రాలేదని నమోదు చేయుట వాడుకయైనది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011లో పంచాయతీ స్థానములలో సగము స్త్రీలకు కేటాయింపబడినను, కొన్నిచోట్ల సర్పంచిగారి కుర్చీలో భర్తగారు కూర్చుండి సంతకమునకు మాత్రము భార్యను పిలుచుట నేను చూచితిని. కార్యాలయములో ఆమె పని చేయుటకు అంత తీరిక గల పెద్దమనిషి, ఆమె వచ్చు వేళకు ఇంట కుక్కరు పెట్టినచో పంచాయతీకి ఎంతయో ఉపకారము. నవ్వులాటకు చెప్పుట లేదు. ఒక సర్పంచిగారు తమ భర్త అట్లు చేయుచున్నారని సభలో చెప్పగా, ఆయన వసారాలో నిలుచుండి సిగ్గుపడుటయు నేను చూచితిని.

వచ్చు గ్రామసభకు ముందు వార్డునకు పది ఇండ్లు ఎన్నుకొని, ఆ ఇండ్ల స్త్రీ పురుషు లిరువురును నిద్రలేచినది మొదలు పరుండువరకు ఏ గంటకు ఏమి చేసితిరో అడిగి రెండు నిలువు వరుసలలో వ్రాయుడు. వంటకు, నీటికి, పసిబిడ్డకు, పశువునకు పట్టిన కాలమును వేరువేరుగా చూపుడు. పేర్లు వ్రాయవలదు. ఆ కాగితమును సభలో చదివి, కుళాయి ఎచ్చట వేయవలెను, పసివారి ఇల్లు ఏ వేళకు తెరవవలెను అను తీర్మానములు దానిని బట్టి చేయుడు. మా వృద్ధురాలి ప్రశ్నకు నా వద్ద లేని సమాధానము ఆ రెండు వరుసలలో మీకు దొరకవచ్చును.